సంఘం రిజిస్టరులో మన వివరాలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో తెలుగు సంఘాలు చేసే పనులు ఎన్నో ఉంటాయి. రక్తదాతల్ని వెతుకుతాయి, తుపాను వస్తే బియ్యం పంచుతాయి, పిల్లలకు తెలుగు నేర్పుతాయి, పెళ్లి సంబంధాలు కలుపుతాయి. ఏ పని చేసినా ఎవరో ఒకరి పేరూ ఫోను నంబరూ రాసుకోక తప్పదు. అలా రాసుకున్న వివరాలు తర్వాత ఎవరి చేతికి చేరుతున్నాయన్న దాని మీద ఈమధ్య చాలా ఉత్తరాలు వచ్చాయి. రాసినవారి పేర్లు వేయకుండా, ఊరి పేరు మాత్రం ఇచ్చి జవాబులు రాస్తున్నాం.

ప్రశ్న: మా సంఘం దగ్గర సుమారు రెండు వందలమంది రక్తదాతల జాబితా ఉంది. పేరు, ఇంటి నంబరు, ఫోను, గ్రూపు, వయసు, బరువు అన్నీ రాశాం. అవసరమైనవాళ్లకు తొందరగా అందాలని పీడీఎఫ్ చేసి వాట్సాప్‌లో పెట్టాం. ఇప్పుడు కొందరు ఆడవాళ్లకు రాత్రిపూట ఎవరెవరో ఫోన్లు చేస్తున్నారట. పేర్లు తీసేయమంటున్నారు. తీసేస్తే అత్యవసరం వచ్చినప్పుడు ఎలా? (సంఘం కార్యదర్శి, బరంపురం)

జాబితా ఉంచండి. దాన్ని పంచడం మాత్రం ఈరోజే ఆపండి. ఇకమీదట దాత నంబరు ఎవరికీ ఇవ్వకూడదు, రోగి తరఫువాళ్ల నంబరే దాతకు అందాలి. ఈ ఒక్క మార్పుతో మీ సమస్య చాలావరకు తీరిపోతుంది.

పద్ధతి ఇలా పెట్టుకోండి. ఇద్దరు బాధ్యుల్ని నియమించండి, వీలైతే అందులో ఒకరు మహిళ అయితే మంచిది. పోస్టరు మీదా వాట్సాప్‌లోనూ ఆ ఇద్దరి నంబర్లే ఉండాలి. ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆస్పత్రికి గంజాం, గజపతి జిల్లాల నుంచే కాదు, శ్రీకాకుళం వైపు నుంచీ రోగులు వస్తారు కాబట్టి ఫోను చేసేవాళ్లు మీకు తెలిసినవాళ్లే అయ్యుండరు. ఏ ఆస్పత్రి, ఏ వార్డు, ఏ గ్రూపు, ఎన్ని యూనిట్లు, రోగి పక్కన ఉన్నది ఎవరు, వాళ్ల నంబరేమిటి అని బాధ్యుడు అడగాలి. డాక్టరు రాసిచ్చిన చీటీ ఫొటో పంపమనొద్దు, చదివి వినిపించమంటే చాలు. ఆ చీటీలో రోగి పేరూ జబ్బూ ఉంటాయి. 'ఫలానా వార్డులో ఫలానావిడకు ఫలానా ఆపరేషన్' అని గ్రూపులో తిరిగే మెసేజీ దాత మనసు కరిగిస్తుందేమో గానీ, ఆవిడ జబ్బు ఊరంతా తెలిసిపోతుంది. తర్వాత బాధ్యుడు తగిన దాతలకు ఒక్కొక్కరికే ఫోను చేసి, ఒప్పుకున్నవారికి రోగి తరఫువాళ్ల నంబరు ఇవ్వాలి. దాతే వాళ్లకు ఫోను చేసుకుంటారు. తన నంబరు కనపడటం ఇష్టంలేని దాతను బాధ్యుడే బ్లడ్ బ్యాంకు దగ్గర కలపొచ్చు.

ఇక జాబితాలో ఏమేం ఉండాలన్నది చూద్దాం. పేరు, ఫోను, గ్రూపు, ఉండే పేట, చివరిసారి రక్తమిచ్చిన తేదీ, ఫోను చేయదగ్గ వేళ ఉంటే సరిపోతుంది. తేదీ ఎందుకంటే మగవారు 90 రోజులు, ఆడవారు 120 రోజులు ఆగాకే మళ్లీ రక్తమివ్వాలి. ఆ లెక్క బాధ్యుడి దగ్గరుంటే అనవసరపు ఫోన్లు తగ్గుతాయి. ఇంటి నంబరు దేనికీ పనికిరాదు, పేట పేరు తెలిస్తే ఎవరు దగ్గరో తెలుస్తుంది. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలన్నదీ, బరువు కనీసం 45 కిలోలు ఉండాలన్నదీ బ్లడ్ బ్యాంకువాళ్లు ఎలాగూ చూస్తారు.

అన్నిటికంటే ముఖ్యంగా 'ఎందుకు ఇవ్వలేరు' అనే గడి పెట్టకండి. ఒకరికి కామెర్లు వచ్చి ఉండొచ్చు, ఒకరు గర్భవతి కావచ్చు, ఇంకొకరు పరీక్షలో తేలినది ఇంట్లో కూడా చెప్పుకోలేని స్థితిలో ఉండొచ్చు. 'ఫలానా తేదీ దాకా అడగొద్దు' అనో, 'ఇక అడగొద్దు' అనో రాస్తే చాలు. కారణం రాసి ఉంటే ఎవరో ఒకరు చదువుతారు.

బయటికి వెళ్లిపోయిన పీడీఎఫ్‌ను వెనక్కి తేలేం. వాట్సాప్‌లో 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' పంపిన రెండు రోజుల పైచిలుకు వరకే పనిచేస్తుంది. ఈలోపు దించుకున్న కాపీలు ఎలాగూ అలాగే ఉంటాయి. మీరు చేయగలిగింది దాతలందరికీ విషయం చెప్పడం. జాబితా బయటికి వెళ్లిందనీ, ఏ వివరాలు వెళ్లాయనీ, ఇకమీదట ఈ ఇద్దరు తప్ప సంఘం పేరుతో ఎవరూ ఫోను చేయరనీ స్పష్టంగా చెప్పండి. పేరు తీసేయమన్నవారిని కారణం అడగకుండా తీసేయండి. కొత్త పద్ధతి కుదురుకున్నాక చాలామంది తిరిగి పేరిస్తారు.

ప్రశ్న: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత సరుకులు పంచినప్పుడు మా సంఘం ఇంటికొక ఆధార్ జిరాక్స్ తీసుకుంది. ఆ కట్టలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. పాత కాగితాలవాడికి అమ్మేద్దామని కొందరూ, పనికొస్తాయని కొందరూ అంటున్నారు. ఇకముందు ఆధార్ లేకుండా పంచితే ఒక్కరే రెండుసార్లు తీసుకోరా? (కార్యవర్గ సభ్యుడు, పర్లాకిమిడి)

అమ్మకండి. పాత కాగితాల కొట్టుకు వెళ్లిన జిరాక్స్ పల్లీల పొట్లంగా మారి బస్టాండులో ఎవరి చేతికో వస్తుంది. ఫొటో, నంబరు, పుట్టిన తేదీ, చిరునామా దాని మీద చెక్కుచెదరకుండా కనిపిస్తుంటాయి. ఇంకొకరి పేరున సిమ్ కార్డుకో అప్పుకో ప్రయత్నించే మోసగాడికి కావలసిన సరంజామా అదే.

బీరువాలో ఉంచినా లాభం లేదు. ఇన్నేళ్లలో ఆ కట్ట విప్పాల్సిన అవసరం ఒక్కసారైనా వచ్చిందా? ఆ పంపిణీ లెక్కల ఆడిట్ ముగిసి, దాని మీద వివాదమేదీ లేకపోతే నాశనం చేసేయండి. ఇద్దరు సభ్యులు కలిసి కాపీలు లెక్కపెట్టి, నంబరూ ఫొటో ఉన్న భాగం అడ్డంగా, నిలువుగా చిన్న ముక్కలయ్యేలా చింపి తడిపి ముద్ద చేయండి, లేదా దగ్గరుండి పూర్తిగా కాల్చండి. ఒక్కసారి మధ్యకు చింపితే రెండు ముక్కలూ అతుక్కుంటాయి. ఎన్ని కాపీలు, ఏ తేదీన, ఎవరి సమక్షంలో నాశనం చేశారో మినిట్స్ పుస్తకంలో రాసి సంతకాలు పెట్టండి. ఎవరి ఫోన్లోనైనా ఆ ఆధార్ ఫొటోలు మిగిలి ఉన్నాయేమో కూడా చూడండి. గ్యాలరీలోంచి తీసేసినా గూగుల్ ఫొటోస్‌లో ఉండిపోతాయి, అక్కడి ట్రాష్ కూడా ఖాళీ చేయాలి.

రెండుసార్లు తీసుకుంటారన్న మీ భయంలో న్యాయముంది. ఆధార్ అడగాలనిపించడానికి అసలు కారణం మన పేర్లు. రేషన్ కార్డులో పేరు ఒడియాలో, బ్యాంకు పుస్తకంలో ఇంగ్లీషులో, సంఘం రిజిస్టరులో తెలుగులో ఉంటుంది. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, అక్కడి ఫారాల్లో అది చివరికి పోతుంది. అప్పారావు గారి 'రావు' ఇంటిపేరు గడిలో పడుతుంది. అసలు ఇంటిపేరు మాయమవుతుంది. ఒకే వీధిలో ముగ్గురు అప్పారావులు ఉంటే ఎవరు తీసుకున్నారో ఎవరు తీసుకోలేదో పేరును బట్టి తేల్చలేరు. కాబట్టి పేరుతోనే పోల్చుకోవడం మానండి.

పంపిణీకి ముందు రోజు ఇద్దరు వీధి వీధీ తిరిగి ఇంటికొక టోకెన్ ఇవ్వాలి. టోకెన్ మీద వరుస సంఖ్య, సంఘం ముద్ర, పంచే తేదీ ఉంటాయి. రిజిస్టరులో ఆ సంఖ్యకు ఎదురుగా ఇంటి పెద్ద పేరు, వీధి, ఇంట్లో ఎంతమంది, ఫోనులో చివరి నాలుగు అంకెలు రాయండి. పంచేటప్పుడు టోకెన్ తీసుకుని, ఆ నాలుగంకెలు చెప్పమని అడిగి, సంతకమో వేలిముద్రో వేయించుకుంటే సరి. ఫోను లేనివారికి రేషన్ కార్డు చివరి నాలుగంకెలు రాసుకోవచ్చు. ఆ వీధిలో అందరికీ తెలిసిన ఒకరు బల్ల దగ్గర కూర్చుంటే ఇంకా మంచిది. టోకెన్ పోగొట్టుకున్నవారిని ఉత్తచేతులతో పంపకండి. ఆ సంఖ్య కొట్టేసి కొత్తది రాయండి.

సాయమిచ్చే సంస్థ ఆధార్ తప్పనిసరి అంటే ముందు ఎందుకో రాతపూర్వకంగా అడగండి. చాలాసార్లు చూసి రాసుకుంటే చాలంటారు. అప్పటికీ కాపీ కావాలంటే మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి. ఆధార్ జారీచేసే సంస్థ యూఐడీఏఐ వెబ్‌సైటులో దించుకునే ఆ కాపీలో చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. దాని మీద అడ్డంగా 'ఫలానా పంపిణీకి మాత్రమే', తేదీ రాయించండి. లబ్ధిదారుల జాబితా గోడకు అంటించేటప్పుడు ఆధార్ నంబర్లు వేయడం నిబంధనలకు విరుద్ధం. టోకెన్ సంఖ్య, వీధి పేరు వేస్తే లెక్కా తేలుతుంది, గుట్టూ దక్కుతుంది.

ఇదే సందర్భంలో ఒక మాట. సరుకుల సంచి అందుకుంటున్న మనిషి ముఖాన్ని ఫొటో తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం దయచేసి మానండి. దాతలకు చూపించడానికి సంచుల వరుస, సంతకాల పుట దూరం నుంచి తీసిన ఫొటో సరిపోతాయి. సాయం పుచ్చుకున్నందుకు ఎవరూ తమ ముఖం బాకీ పడలేదు.

ప్రశ్న: పిల్లల ఉచిత ట్యూషన్‌కూ, ఉపకార వేతనానికీ గూగుల్ ఫారంలో దరఖాస్తులు తీసుకున్నాం. కులం, ఆదాయం, మార్కులు అన్నీ అందులో ఉన్నాయి. ఒక తండ్రి మిగతా పిల్లల వివరాలన్నీ తనకు కనిపిస్తున్నాయని చెప్పారు. ఎలా జరిగింది? (ఉపాధ్యాయురాలు, రాయగడ)

ఇలా జరగడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఫారం సెట్టింగుల్లో 'వ్యూ రిజల్ట్స్ సమ్మరీ' ఆన్‌లో ఉంటే, దరఖాస్తు పంపినవారికి మిగతావారి జవాబుల సారాంశం కనిపిస్తుంది. దాన్ని ఆఫ్ చేయండి. రెండు, జవాబులు చేరే షీటును ఎవరో 'ఎనీవన్ విత్ ద లింక్' అని పంచి ఉంటారు. ఆ లింకు ఒక్కసారి గ్రూపులో పడితే ఎవరు తెరిచారో మీకు తెలియదు. షేర్ బటన్ నొక్కి 'రిస్ట్రిక్టెడ్'కు మార్చి, దరఖాస్తులు చూసే ఇద్దరు ముగ్గురి ఈమెయిళ్లే ఉంచండి. వాళ్లకు కూడా దించుకునే, కాపీ చేసుకునే వీలు తీసేయొచ్చు. షేర్ పెట్టెలోని పళ్లచక్రం గుర్తు నొక్కితే ఆ ఎంపిక కనిపిస్తుంది.

షీటు ఎవరి ఖాతాలో ఉందన్నది కూడా చూసుకోండి. ఎక్కువచోట్ల ఒక కుర్రాడి సొంత జీమెయిల్‌లో ఉంటుంది. అతను ఉద్యోగం వచ్చి విశాఖపట్నం వెళ్లిపోతే వందమంది పిల్లల వివరాలు అతనితోనే వెళ్తాయి. అతను చెడ్డవాడు కానక్కర్లేదు, ఫోను మార్చుకుంటే చాలు. సంఘం పేరున వేరే ఖాతా తెరిచి, టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డు తర్వాత రెండోసారి నిర్ధారణ అడిగే ఏర్పాటు) పెట్టి, పాస్‌వర్డు కార్యదర్శి, కోశాధికారి దగ్గరే ఉంచండి. కార్యవర్గం మారిన రోజునే పాస్‌వర్డు మార్చాలి. పాతవారి మీద అపనమ్మకంతో కాదు, తర్వాత ఏదైనా జరిగితే నింద వాళ్ల మీదకు రాకుండా.

కుల, ఆదాయ ధ్రువపత్రాల్ని ఫారంలో అప్‌లోడ్ చేయించకండి. అప్‌లోడ్‌కు గూగుల్ ఖాతాతో లాగిన్ కావాలి కాబట్టి చాలామంది తల్లిదండ్రులు పక్కింటివారి ఫోనుతో పంపుతారు. ఆ కాగితం అక్కడా మిగిలిపోతుంది. ఎంపికైన పిల్లల కాగితాలు మాత్రమే ముఖాముఖి చూసి, 'చూశాం' అని టిక్కు పెట్టి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలకు తల్లో తండ్రో సంరక్షకులో ఒప్పుకోవాలి. దరఖాస్తు కాగితం మీదే వాళ్ల సంతకానికి చోటు పెట్టండి. ఫలితాలు దరఖాస్తు సంఖ్యలతో ప్రకటించండి. పేరు, పక్కన ఆదాయం వేస్తే ఆ పిల్ల బళ్లో తల ఎత్తుకోలేదు.

తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. అక్కర్లేదనుకుంటే వాట్సాప్ కమ్యూనిటీ పెట్టి అందులోని ప్రకటనల గ్రూపు వాడండి. అందులో మామూలు సభ్యులకు ఒకరి నంబరు ఒకరికి కనిపించదు.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లయి రెండేళ్లయింది. సంఘం వేసిన వధూవరుల పుస్తకంలోని ఫొటో చూసి ఇప్పటికీ సంబంధాలంటూ ఫోన్లు వస్తున్నాయి. అత్తవారింట్లో మాట వస్తోంది. (ఒక తల్లి, జయపురం)

మీ బాధ న్యాయమైనది. ముందు సంఘానికి తేదీ వేసి ఉత్తరం రాయండి. వెబ్‌సైటు, వాట్సాప్, ఫేస్‌బుక్ పేజీల్లో ఉన్న అమ్మాయి వివరాలు తీసేయమనీ, తీసేసినట్టు జవాబివ్వమనీ అడగండి. అచ్చయిన పుస్తకాలు మిగిలి ఉంటే ఆ పుటలో అమ్మాయి వివరాలు కొట్టేయించండి. పుస్తకంలోని నంబరు మీదైతే, ఫోను చేసినవాళ్లందరికీ పెళ్లయిందని చెప్పి ఆ పుట ఫొటో తీసేయమనండి.

సంఘాలవారు ఈ పుస్తకం వేసే పద్ధతే మార్చుకోవాలి. అచ్చులో వయసు, చదువు, ఉద్యోగం, జిల్లా, గోత్రం, ఒక కోడ్ సంఖ్య ఉంటే చాలు. ఫొటో, ఫోను, జీతం సంఘం దగ్గరే ఉంచండి. ఒక కుటుంబం కోడ్ చెప్పి ఆసక్తి చూపితే సంఘం ముందు ఆ రెండో కుటుంబాన్ని అడిగి, వాళ్లు సరేనంటేనే నంబరు ఇవ్వాలి. ఫొటో ఇచ్చిపుచ్చుకోవడం ఆ తర్వాత ఇంటివాళ్లు చూసుకుంటారు. సంతకం తల్లిదండ్రులది ఒక్కటే సరిపోదు. పెళ్లికి వచ్చిన అమ్మాయి, అబ్బాయి పెద్దవాళ్లు కాబట్టి వాళ్ల వివరాలకు వాళ్ల సంతకమే కావాలి. ప్రతి పేరుకూ ఏడాది గడువు పెట్టి, గడువు దాటాక మళ్లీ ఒప్పుకోనివారిని తీసేయాలి. సంబంధం కుదిరిందని కబురు రాగానే ఏడాది కోసం ఆగకుండా తీసేయాలి.

ప్రశ్న: మాది రిజిస్టరు కాని చిన్న సంఘం. కొత్త చట్టం మాకు వర్తిస్తుందా? 250 కోట్ల జరిమానా అంటున్నారు, నిజమేనా? (గుణుపురం)

వర్తిస్తుంది. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం రిజిస్టరైన, కాని వ్యక్తుల సమూహాలు రెండింటినీ లెక్కలోకి తీసుకుంటుంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. వివరాలు సేకరించేవారి ప్రధాన బాధ్యతలకు అప్పటి నుంచి పద్దెనిమిది నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే వరకు. కాగితం రిజిస్టరు ఒక్కటే ఉంటే ఈ చట్టం పరిధిలోకి రాదు. దాన్ని ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన క్షణం నుంచి వస్తుంది. ఇంట్లో సొంత అవసరానికి రాసుకున్న నంబర్లకు మినహాయింపు ఉంది, సంఘం జాబితాకు లేదు.

250 కోట్లు అన్నది భద్రత చర్యలు తీసుకోనివారికి విధించగల గరిష్ఠ మొత్తం. తప్పు ఎంత పెద్దది, ఎంతకాలం సాగింది, నష్టం తగ్గించడానికి ఏం చేశారు అన్నవి చూసి ఈ చట్టం కింద ఏర్పడే డేటా రక్షణ బోర్డు జరిమానా నిర్ణయిస్తుంది. ఆ అంకె చూసి హడలిపోయి సంఘం మూసేయాల్సిన పని లేదు. వివరాలు తీసుకునే ముందు ఎందుకో చెప్పడం, ఒప్పుకోలు తీసుకోవడం, పని అయిపోయాక తీసేయడం, బయటికి పొక్కితే బోర్డుకూ సంబంధిత వ్యక్తులకూ తెలపడం ఇందులోని ముఖ్యమైన బాధ్యతలు. తెలిపే నోటీసు ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలో గానీ కోరుకునే వీలు ఉండాలి. తెలుగు, ఒడియా రెండూ అందులో ఉన్నాయి. మీ ఫారం పైన ఇలా రాసుకోవచ్చు:

'మీ పేరు, ఫోను నంబరు, రక్తం గ్రూపు రక్తదానం కోసం మిమ్మల్ని సంప్రదించడానికే తీసుకుంటున్నాం. వీటిని ఇద్దరు బాధ్యులు మాత్రమే చూస్తారు. మీ అనుమతి లేకుండా ఎవరికీ ఇవ్వం. ఏడాదికోసారి మిమ్మల్ని అడిగి సరిచూస్తాం. ఎప్పుడు వద్దనుకున్నా ఈ నంబరుకు ఒక మెసేజీ పెడితే తీసేస్తాం.'

చేరడానికి ఒక మెసేజీ చాలైతే, మానుకోవడానికీ ఒక మెసేజీ చాలాలి. దానికోసం దరఖాస్తు రాసుకుని ఆఫీసుకు రమ్మనడం చట్టానికి విరుద్ధం.

ప్రశ్న: చందా పంపినవాళ్ల యూపీఐ స్క్రీన్‌షాట్లు గ్రూపులో పెట్టడం మా అలవాటు. తప్పా? (కోశాధికారి, ఛత్రపురం)

మానేయండి. అందులో దాత బ్యాంకు పేరు, యూపీఐ ఐడీ, చాలాసార్లు ఫోను నంబరు, లావాదేవీ సంఖ్య కనిపిస్తాయి. స్క్రీన్‌షాటు మీ పుస్తకం కోసం మీకే పంపమనండి. గ్రూపులో నెలకోసారి పేరు, మొత్తం రాయండి. పేరు వద్దన్నవారిని 'ఒక దాత' అనండి. పాన్ నంబరు పన్ను మినహాయింపు రసీదు కావాలన్నవారి దగ్గరే అడగండి.

ప్రశ్న: సభ్యుల జాబితా ఉన్న ఫోను బస్సులో పోయింది. ఇప్పుడేం చేయాలి? (కొరాపుట్)

మొదటి గంటలోనే వేరే ఫోను నుంచి గూగుల్ 'ఫైండ్ హబ్' తెరిచి మీ ఖాతాతో లాగినై, ఫోనుకు తాళం వేయండి. దొరికే ఆశ లేకపోతే అందులోని డేటా చెరిపేయండి. గూగుల్ పాస్‌వర్డు మార్చి, పోయిన ఫోనును ఖాతాలోంచి సైనవుట్ చేయండి. సిమ్ కంపెనీకి చెప్పి సిమ్ ఆపించి, అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుని వాట్సాప్ మళ్లీ మొదలుపెడితే పాత ఫోనులో వాట్సాప్ ఆగిపోతుంది. పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. టెలికాం శాఖవారి సంచార్ సాథీ పోర్టల్‌లో ఐఎంఈఐ (ఫోను గుర్తింపు సంఖ్య) ఆపించడానికి అది అవసరం. బ్యాంకు యాప్‌లున్న ఫోనైతే బ్యాంకుకు కూడా వెంటనే చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి.

సభ్యులకు ఆ సాయంత్రంలోపే చెప్పండి. 'ఫోను పోయింది, కంగారు పడకండి' అంటే ఎవరికీ ఏమీ తెలియదు. అందులో పేర్లున్నాయా, నంబర్లున్నాయా, ఆధార్ ఫొటోలున్నాయా అన్నది విడమరచి చెప్పండి. ఆధార్ ఉంటే యూఐడీఏఐవారి యాప్‌లో బయోమెట్రిక్ లాక్ (వేలిముద్ర, కంటిపాపలతో ఆధార్ వాడకుండా వేసే తాళం) పెట్టుకోమనండి, యాప్ వాడటం రానివారికి మీరే చేసిపెట్టండి. సంఘం పేరు చెప్పి ఓటీపీ అడిగినా, డబ్బు అడిగినా నమ్మవద్దని, కార్యదర్శి నంబరుకు తిరిగి ఫోను చేసి అడగమని చెప్పండి. ఇలాంటి ఫోన్లు మొదటి రెండు మూడు రోజుల్లోనే కాదు, అందరూ మరచిపోయాక కూడా వస్తాయి. కాబట్టి నెల తర్వాత ఇంకోసారి గుర్తుచేయండి.